కడ్డీ ఎంతదాకా వచ్చింది

తాళాలావిడ ఒంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కోపం. ఆ తర్వాత కళ్ళు, ఆ తర్వాత నడుము. వేళ్ళు మాత్రం ఏడు దాటితేగాని లేచేవి కావు. ఆరింటికే మెలకువ వచ్చినా రెండు పిడికిళ్ళూ బిగించుకుని, ఎవరితోనో దెబ్బలాటకి సిద్ధపడ్డ మనిషిలా పడుకుని ఉండాల్సిందే. అప్పుడు అక్క గోరువెచ్చని నీళ్ళ గిన్నె తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టేది. తాళాలావిడ అందులో చేతులు ముంచి, ఒక్కో వేలినీ బతిమాలి, బుజ్జగించి, తిట్టి తెరిపించుకునేది.

"ఊరందరి తాళాలూ తీసినదాన్ని. నా పిడికిలి నేను తీసుకోలేకపోతున్నాను చూడవే అక్కా" అనేది.

"తొందరేముంది బుజ్జీ, ఎక్కడికి పోవాలి గనక" అనేది అక్క.

అక్కడే ఉంది తిరకాసంతా. యాభై రెండేళ్ళ బుజ్జికి పోవాల్సిన చోటు ఒకటి ఉంది. ఇంటినుంచి అరవై అంగల దూరంలో, మార్కెట్ మెట్ల కింద, బీరువాకంటే కాస్త పెద్దదీ గదికంటే బాగా చిన్నదీ అయిన తాళాల దుకాణం. నాన్న పెట్టింది. ఆయన తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడే నడిపింది. తాళంచెవి పోయిందని పరిగెత్తుకొచ్చినవాడి మొహం చూసి, "వెనక జేబులో చూసుకో నాయనా" అని పంపేసిన రోజులు కూడా ఉన్నాయి, బేరం పోతే పోయిందని.

మూడేళ్ళ కిందట కీళ్ళ జబ్బు పట్టుకుంది. "మీ ఒంట్లో కాపలా కాయాల్సినవాళ్ళే ఇంట్లోవాళ్ళని కొడుతున్నారు" అని చెప్పాడు డాక్టరు, అర్థమవడానికి. "బయటివాడు కొడితే కేసు పెట్టొచ్చు, వీళ్ళమీద ఎవరికి చెప్పుకోను?" అంది ఆవిడ. మందులు ఒక నెల పనిచేస్తే రెండు నెలలు మొండికేసేవి. ఒకరోజు బాగుండేది, మర్నాడు దువ్వెన కూడా బరువయ్యేది. తొమ్మిది నెలల కిందట షట్టరు దించి ఇంటికి చేరింది.

అక్క అంతకు ముందే వచ్చేసింది. ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. సొంత ఇల్లు లేదు, పిల్లల్లేరు. చెల్లెలికి జబ్బని తెలిసిన వారానికే రెండు సూట్‌కేసులతో దిగింది. వంట, మందులు, స్నానం, జుట్టు దువ్వడం, అన్నీ ఆవిడ చేతిమీదే. తాళాలావిడ మంచం దిగాలన్నా అక్క భుజమే. అక్క దేవత అని కింది వాటాలో ఉన్న లెక్కల మాస్టారు అనేవారు. తాళాలావిడ కూడా కాదనేది కాదు.

బాత్రూములో రెండోసారి జారిపడ్డాక, ప్లంబరుని పిలిచి గోడకి స్టీలు కడ్డీ వేయించారు. రెండు జానల పొడుగు, చేతి నిండా పట్టుకోవడానికి వీలైన లావు. వారం తిరిగేసరికి అది బాత్రూము తలుపుదాకా వచ్చింది. కుళాయి బాగుచెయ్యడానికి మళ్ళీ వచ్చిన ప్లంబరు దాన్ని చూసి నాలిక చప్పరించాడు.

"బ్రాకెట్లు లేకుండా వదిలేస్తే ఊగుతుందమ్మా. నేను ముందే చెప్పాల్సింది" అని, సంచీలోంచి బ్రాకెట్లు తీసి బిగించాడు. "కొసదాకా పట్టుకుని నడిస్తే రోజుకి జానెడు ముందుకి వస్తుంది. పట్టుకున్నవాళ్ళు ఎటు పోవాలనుకుంటే అటు. కొత్త కొసని రెండు రోజులు గట్టిగా లాగొద్దు, పచ్చిగా ఉంటుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే మచ్చలు పడతాయి."

అలా కడ్డీ నడవలోకి వచ్చింది. వంటింటి గుమ్మం చుట్టూ తిరిగింది. హాల్లో క్యాలెండరు అడ్డమొస్తే దాన్ని తీసి ఇంకోచోట తగిలించారు. తాళాలావిడ ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని, మొదట బాత్రూముకి, తర్వాత వంటింటికి, ఆ తర్వాత కిటికీ దాకా తనంతట తనే వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు టీ కూడా తనే పెట్టుకుంది. సగం పొయ్యిమీదే పోయింది. అయినా అంత మంచి టీ ఆవిడ ఆ మూడేళ్ళలో తాగలేదు.

"నేనుండగా నీకెందుకే ఈ తిప్పలు" అంది అక్క, పొయ్యి తుడుస్తూ.

కడ్డీ వీధి తలుపు దాటి మెట్లమీదకి దిగబోతున్న రోజునే మార్కెట్ సూపర్‌వైజరు దగ్గర్నుంచి కాయితం వచ్చింది. దుకాణం తొమ్మిది నెలలుగా మూసి ఉంది, రెండు నెలల్లోగా అది ఎవరి పేరున ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి షట్టరు ఎత్తకపోతే అది వరసలో తర్వాతివాళ్ళకి పోతుందని సారాంశం. ఆయన మంచివాడే. అంతకు మించి ఆపడం ఆయన చేతిలో లేదు.

మాస్టారు పెన్సిలు తీసుకుని మెట్ల గోడమీదే లెక్క వేశారు. "పద్దెనిమిది మెట్లు. మెట్టుకి జానెడున్నర చొప్పున ఇరవై ఏడు రోజులమ్మా. నెల రోజులు చేతిలో మిగులుతాయి. కిందికి దిగాక వీధిలో ఎలాగూ చక్రాల బండి ఉందిగా."

చక్రాల వాకరు ఉన్నమాట నిజమే. కూచోడానికి సీటూ బ్రేకులూ ఉన్న మంచి బండి. వచ్చిన రోజునుంచీ హాలు మూలన ఉంది. దానిమీద అక్క తడిబట్టలు ఆరేసేది.

మొదటి పదకొండు రోజులూ లెక్క ప్రకారమే నడిచింది. కడ్డీ ఏడో మెట్టు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

మర్నాడు చూసింది, ఏడో మెట్టే. వారం చూసింది, ఏడో మెట్టే. తాళాలావిడకి మొదట అనుమానం వచ్చింది తనమీదే. సరిగా నడవడం లేదేమో, మనసులో భయం ఉందేమో, కడ్డీకి తెలిసిపోతోందేమో అనుకుంది. రోజుకి ఒకసారి బదులు మూడుసార్లు దిగి ఎక్కడం మొదలుపెట్టింది. వారానికోసారి ఇంటికొచ్చి కసరత్తులు నేర్పే అమ్మాయి వద్దంటున్నా వినలేదు. ఫలితంగా మోకాళ్ళు బొప్పాయిల్లా వాచి మూడురోజులు మంచం పట్టింది. ఆ మూడురోజులూ అక్క పక్కనే కూచుని కాపడం పెట్టింది.

"దానికీ ఓపిక అయిపోయిందేమోనే. ఇంక వదిలెయ్ బుజ్జీ. దుకాణం పోతే ఏం, నేను లేనూ?" అంది.

ఆ మాటకి తాళాలావిడ అక్క ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆవిడకి ఒళ్ళు మండేది. ఏడవడానికి ఇంకెవరి ఒడీ దొరకనట్టు!

గడువు ఇంకా ఐదురోజులుందనగా కొత్త మందు పనిచెయ్యడం మొదలుపెట్టింది. వేళ్ళ వాపు తీసింది. చాలా నెలల తర్వాత వేలికొసలకి స్పర్శ తెలిసింది. ఆ పొద్దున ఏడో మెట్టు మీద నిలబడి, అలవాటుగా కడ్డీ కొసని తడిమింది. నున్నగా ఉంది. ఆ నునుపులోనే సన్నగా రెండు గీతలు, పక్కపక్కన, వేలికి తగిలాయి. కొంచెం ఎడంగా మళ్ళీ రెండు.

ఆవిడ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆ గీతలు ఆవిడకి తెలుసు. నాన్న ఇచ్చిపోయిన సగం గుండ్రం ఆకురాయికి ఒకచోట పళ్ళు విరిగి ఉన్నాయి. దాంతో ఏం రుద్దినా ఇలాగే జంటగీతలు పడతాయి. ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ కోసిన ప్రతి చెవిమీదా ఉన్న గీతలే. ఆ ఆకురాయి ఇంట్లో బీరువా అడుగున పనిముట్ల పెట్టెలో ఉంది. వంగి మెట్టుమీద గోనెపట్టా అంచు ఎత్తి చూసింది. మడతలో తెల్లటి రజను మెరుస్తోంది. ఇత్తడి రజను పచ్చగా ఉంటుంది, ఇనుముది నల్లగా ఉంటుంది. ఇది స్టీలుది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వేసుకోవాల్సిన మాత్ర, రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపుచ్చే మాత్ర, నాలిక కింద దాచి తర్వాత ఉమ్మేసింది. కళ్ళు మూసుకుని పడుకుంది.

కాసేపటికి బీరువా తలుపు కిర్రుమంది. వీధి తలుపు తెరుచుకుంది. తర్వాత రంపం చప్పుడు, నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ. పచ్చి కొస కదా, ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత ఆకురాయి. ఆ చప్పుడు మాత్రం చాలాసేపు వచ్చింది. ఎంతో ఓపిగ్గా, ఒకే వరసన. ఆఖరికి చీపురు.

తాళాలావిడ లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఉండొచ్చు. కానీ ఆవిడ లేచేసరికి అక్క పనైపోయి చేతులు కూడా కడుక్కుంటుంది. అందుకని పడుకునే అంతా విన్నది. తన కాళ్ళని ఎవరో పక్కగదిలో కోస్తున్నట్టనిపించింది.

నాలుగింటికి అక్క టీ తెచ్చింది. మణికట్టు మీద వెంట్రుకల్లో తెల్లటి రజను ఇంకా అంటుకునే ఉంది.

"నలభై ఐదు రోజుల్నుంచీనా?" అంది తాళాలావిడ.

అక్క కప్పు స్టూలు మీద పెట్టింది. ఏమిటని అడగలేదు. ఆ మాత్రం గౌరవం ఇద్దరి మధ్యా మిగిలింది.

"కోసిందేదో కోశావు. ఆకురాయి ఎందుకు పెట్టావు?"

"గరుకుగా వదిలేస్తే నీ చెయ్యి గీసుకుంటుందని."

తాళాలావిడకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట వచ్చిన నవ్వు అది.

"ఎందుకక్కా?"

"పడతావని" అంది అక్క. చెల్లెలు చూస్తూనే ఉండేసరికి కుర్చీలో కూలబడింది. "పడతావనే మొదలెట్టాను, ఒట్టు. తర్వాత... నువ్వు కిందికి దిగిపోతే నేనెక్కడికి పోవాలే? పొద్దున లేస్తే నీళ్ళగిన్నె, మందులు, నీ జడ. నాకింకేం ఉంది? రిటైరైన రోజు హాస్టల్లో ఒక్కపిల్ల కూడా గేటుదాకా రాలేదు. ఇక్కడైతే నేను లేకపోతే జరగదు అనుకున్నాను."

"జరక్కుండా చూసుకున్నావు."

అక్క మణికట్టు మీది రజను దులుపుకుంది.

"ముక్కలేం చేశావు?"

"సూట్‌కేసులో ఉన్నాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు."

తాళాలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. టీ చల్లారిపోయింది.

మాస్టారుని పిలిచి మళ్ళీ లెక్క వేయించారు. ఆయన కారణం అడగలేదు, రంపం చప్పుడు ఆయనకీ వినపడే ఉంటుంది. "నాలుగు రోజులకి నాలుగు జానలు. గడువునాటికి ఇంకా ఎనిమిది మెట్లు మిగులుతాయమ్మా" అన్నారు, తప్పు తనదైనట్టు.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో మాటల్లేవు. అక్క నీళ్ళగిన్నె తెచ్చి పెట్టేది. తాళాలావిడ దాన్ని ముట్టుకోకుండా, కడ్డీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, మోచేత్తో కుళాయి తిప్పి, కెటిల్లో తన నీళ్ళు తనే కాచుకునేది. గంటపట్టే పని. పట్టనీ అనుకునేది. జడ వేసుకోలేక జుట్టు భుజాలదాకా కత్తిరించేసుకుంది, వంకరటింకరగా. వాకరు మీది బట్టలు తీసి మంచంమీద పడేసి, టైర్లలో గాలి చూసుకుంది, బ్రేకులకి నూనె వేసింది. జబ్బు మీద కూడా అంత కసి ఎప్పుడూ రాలేదు ఆవిడకి. జబ్బుకి కాపడం పెట్టడం రాదు, ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టడం రాదు.

ఆఖరిరోజు పదింటికి బయల్దేరింది. బట్టలారేసే తాడు వాకరుకి కట్టి, ఇంకో కొస కడ్డీకి ఒక చుట్టు చుట్టి, ఒక్కో మెట్టూ జారవిడుస్తూ ముందు దాన్ని కిందికి దించింది. తర్వాత తను. కడ్డీ ఉన్నంతమేరా నిలబడి దిగింది. అది అయిపోయిన చోట కర్రని కిందికి జారవేసి, మెట్టుమీద కూచుంది.

పైన గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "నా చెయ్యి పట్టుకోవే. ఈ ఒక్కసారికి."

"వద్దు."

"నలుగురూ చూస్తారు బుజ్జీ, ఇలా పాకితే."

"చూడనీ."

కూచునే దిగింది. ఒక మెట్టు, ఊపిరి పీల్చుకోవడం, ఇంకో మెట్టు. మణికట్లు భగ్గుమన్నాయి. కింద మాస్టారు తలుపు దగ్గర పేపరు పట్టుకుని నిలబడ్డారు. సాయం రానా అని అడగలేదు. అడక్కుండా ఉండటానికి ఆయనకి ఎంత కష్టమైందో, పేపరు తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా గమనించలేదు.

వీధిలో అరవై అంగలకి నాలుగుసార్లు వాకరు సీటుమీద కూచుంది. కూచున్నప్పుడల్లా వీధి ఎప్పుడూ లేనంత పొడుగ్గా, ఎప్పుడూ లేనంత అందంగా కనిపించింది. సూపర్‌వైజరు పుస్తకం పట్టుకుని షట్టరు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ బ్రేకులు వేసి, తాళం తీసి, కర్ర పిడిని షట్టరు కొక్కేనికి తగిలించి, రెండు మోచేతులతో పైకి లాగింది. షట్టరు మొదట మూలిగింది. తర్వాత దడదడమంటూ తనే పైకి పోయింది.

"వచ్చారు కదా, చాలు. నాకదే కావాలి" అని పుస్తకంలో గీత పెట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి అక్క వచ్చింది. ఎడమచేతిలో సూట్‌కేసు. కుడిచెయ్యి కడ్డీ మీద. మిగిలిన ఎనిమిది మెట్లూ దిగి, మాస్టారి కిటికీ కింద నుంచి, టైలరు గోడ, మందుల షాపు గోడ ఆనుకుని, కడ్డీ ఆవిడ చేతికింద కొత్తగా మెరుస్తూ దుకాణందాకా వచ్చేసింది. ఆవిడకి మొదటిసారిగా ఎక్కడికో పోవాలని ఉంది.

"హాస్టల్ వాళ్ళు రమ్మన్నారు. స్టోరు చూసుకోవడానికి" అంది అక్క.

"ఎప్పుడన్నారు?"

"ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు." అది నిజమో కాదో తాళాలావిడ అడగలేదు. అక్క ఇంటి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. "భోజనం మూతపెట్టి ఉంచాను."

"సరే."

"తిట్టవే. ఏదో ఒకటి అను. నోరు మూసుకుని కూచుంటే భరించలేకపోతున్నాను."

తాళాలావిడ తలెత్తింది. "మూడేళ్ళుగా నా ఒంటిని నేను నమ్మలేదక్కా. పొద్దున లేస్తే ఏ కాలు ఎదురుతిరుగుతుందో తెలియదు. నిన్ను నమ్మాను. ఈ ఒంట్లోకంటే నీ భుజంమీదే ఎక్కువ బతికాను. దాన్ని కోశావు నువ్వు. కడ్డీని కాదు."

అక్క సూట్‌కేసు చేతిలోకి తీసుకుని, కడ్డీ పట్టుకుని, బస్టాండు వైపు నడిచింది. ఆవిడ అడుగు వేస్తే కడ్డీ కూడా ముందుకి సాగింది. తాళాలావిడకి పిలవాలనిపించింది. నిజంగానే అనిపించింది. నోటిదాకా వచ్చిన పిలుపుని పళ్ళ మధ్యే ఆపేసింది. అక్క మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం తాళాలావిడ ఆ కడ్డీ పట్టుకునే పద్దెనిమిది మెట్లూ ఎక్కింది, ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకుండా. ఇల్లంతా శుభ్రంగా ఉంది. భోజనం తిన్నది. రుచిగా ఉంది, అందుకు కూడా కోపం వచ్చింది.

వారం తర్వాత ప్లంబరు దుకాణానికి వచ్చాడు, తన పనిముట్ల పెట్టె తాళానికి ఇంకో చెవి కావాలని. బల్ల పక్కనుంచి మలుపుదాకా పోయిన కడ్డీని కంటితోనే కొలిచాడు.

"వెళ్ళిపోయేవాళ్ళ చేతికింద ఇలాగే జోరుగా పెరుగుతుందమ్మా. ఇంకో ఇంట్లో కూడా చూశాను. బస్టాండు దాకా వెళ్ళింది, టికెట్లిచ్చే కిటికీ పక్కన ఆగింది. బ్రాకెట్లు చాలవు, మళ్ళీ తేవాలి."

"తీసుకురండి."

"మీకు మంచిదే అయింది లెండి. మెట్లు దిగడానికి బెంగలేదు. అక్కగారు కూడా రావాలనుకుంటే దీన్ని పట్టుకునే వచ్చేస్తారు."

"రావచ్చు" అంది తాళాలావిడ. "ఇంటి తాళం మార్చాను."

ప్లంబరు బల్లమీదకి వంగాడు. "మరి ఆవిడకో చెవి?"

తాళాలావిడ సొరుగు కాస్త లాగి చూపించింది. పళ్ళు కొయ్యని కొత్త చెవి ఒకటి విడిగా, గుడ్డలో పెట్టి ఉంది. "తీసి పెట్టాను. కొయ్యడానికి చేతులింకా ఒప్పుకోవడం లేదు" అని సొరుగు మూసింది.

ప్లంబరు పెట్టె చెవి మాత్రం పావుగంటలో తయారైంది.